మూసిన గడ్డి మీద ఒక గీత

నా ఇత్తోకు,

నీ మీమూన్ సలాం చెప్పి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, మన చిట్టితల్లి మామాస్, గొర్రెలూ, కంచరగాడిదా అందరం అల్లా దయవల్ల బాగానే ఉన్నాం. సముద్రం అవతల ఆ తోటల్లో నువ్వూ, నీతో ఉన్న ఆడవాళ్ళూ బాగుండాలనీ, స్ట్రాబెర్రీలు కోసి కోసి పట్టేసిన నీ నడుముకు కాస్త విశ్రాంతి దొరికి ఉండాలనీ కోరుకుంటున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని తిట్టుకోకు. మన ఊళ్ళో సిగ్నల్ దొరికేది బడి కప్పు మీద ఒక్కచోటే. అక్కడ నా వెనక ఎప్పుడూ పది మంది నిలబడి ఉంటారు. పోయినసారి నీతో మాట్లాడుతూ ‘నువ్వు లేక ఇల్లు బావురుమంటోంది’ అన్నానా, మర్నాడు బావి దగ్గర ఆడవాళ్ళంతా నన్ను చూసి ‘బావురు, బావురు’ అని ఒకటే నవ్వు. అందుకే కాగితం తీశాను. లారీ అతను దెమ్నాత్ పోస్టాఫీసులో వేస్తానన్నాడు. మసీదు అరుగు మీద నువ్వు అక్షరాలు దిద్దుకుంటుంటే ఎగతాళి చేసినవాణ్ణి, ఇప్పుడు ఆ అక్షరాలకే దండం పెడుతున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. పొయ్యి గది కప్పుకు మట్టి కొట్టించాను, ఇక కారదు. మామాస్‌కు ముందు పన్ను ఊడింది. దాన్ని కప్పు మీదికి విసిరి, కొత్తది గాడిద పన్నంత రావాలని మొక్కుకుంది. నాకు తిండికి లోటు లేదు, కాకపోతే నేను కాల్చే బార్లీ రొట్టెను కుక్క కూడా ఒకసారి వాసన చూసి ఆలోచిస్తోంది. నీ తెల్లచెవి గొర్రె ఎలా ఉందని అడిగావు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఇక మీ అమ్మ సంగతి. ‘సూది వేయించారా లేదా, నిజం చెప్పు, నాన్న విషయంలో చేసినట్టు అంతా అయిపోయాక చెప్పకు’ అని రాశావు. అత్త బాగుంది, ప్రాణం మీదికి ఏమీ రాలేదు. మిగతాది వరసలోనే చెప్పాలి. చివరికి దూకి చదవకు, నీ అలవాటు నాకు తెలుసు.

పోయిన ఏడు ఊపిరి తీసిన ఆ మాయరోగానికి సూదిమందు మన ఊరికి వసంతంలోనే వచ్చింది. కింది లోయ ఆసుపత్రి నుంచి హజీబా అనే నర్సు వచ్చింది. దెమ్నాత్ పిల్ల, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, నోరు మాత్రం గట్టిది. నీలం పెట్టె ఒకటి భుజాన వేసుకుని బడి దగ్గర దిగింది. పెట్టెలో మంచు గడ్డలు, వాటి మధ్య వేలెడంత సీసాలు. ఆ సీసాలు ఎక్కడినుంచి వచ్చాయో ఆమె చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను ఇత్తో. చైనాలో తయారయ్యాయట. విమానంలో కాసాబ్లాంకా, అక్కడినుంచి లారీలో మరాకెష్, ఆ తర్వాత దెమ్నాత్, జీపులో కింది లోయ, చివరికి మన బడి. ఇంత దారిలో ఒక్కచోట కూడా చలి తగ్గకూడదట. మా అవ్వ పొరుగింటి నుంచి నిప్పు తెచ్చేటప్పుడు బూడిద కప్పి, చెయ్యి అడ్డం పెట్టుకుని తెచ్చేది. ఇక్కడ ప్రపంచమంతా కలిసి చలిని అలా చేతులు మార్చుకుంటూ తెచ్చింది. మన పేర్లు కూడా తెలియనివాళ్ళు మన కోసం ఇంత పని చేశారా అనుకుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ వేసింది. మిగిలింది మన ఉమ్మడి గడ్డిమైదానం అగ్దాల్‌కు అవతల, రాళ్ళ వాలు మీద మందలతో ఉన్నవాళ్ళు. మీ అమ్మ ఉన్నది అక్కడే కదా. హజీబా చెప్పింది, ‘మీమూన్ అన్నా, వాళ్ళ కోసం ఇంకో రోజు మందు తెస్తాను, కానీ పెట్టె చలి పొద్దు వాలే అసర్ నమాజు వేళ దాకానే ఆగుతుంది. ఆ లోపు నన్ను అవతలికి చేర్చు’ అని. శిఖరం చుట్టూ తిరిగే దారి నీకు తెలుసు. తెల్లవారి బయలుదేరితే పొద్దు గుంకేసరికి చేరుతాం. అప్పటికి మంచు నీళ్ళవుతుంది, మందు పనికిరాకుండా పోతుంది. గడ్డి మీదుగా నేరుగా పోతే ఎండ ఎక్కకముందే అక్కడ ఉండొచ్చు. కానీ అప్పటికి గడ్డి మూసి ఉంది. పైగా ఈ ఏడు గడ్డిపెద్దను నేనే. గింజ రాలి, అగ్దాల్ తెరిచేదాకా మనిషి అడుగు, పశువు డెక్క పడకుండా కాపలా కాస్తానని వలీ సమాధి దగ్గర అందరి ముందూ మాట ఇచ్చినవాణ్ణి.

పెద్దల కూటంలో అడిగాను. ఇషూ తాత గడ్డం నిమురుకుని, ‘ఇవాళ సూది కోసం తెరువు. రేపు ఒకడు పెళ్ళి కోసం తెరవమంటాడు, ఎల్లుండి ఇంకొకడు పెళ్ళాం అలిగిందని తెరవమంటాడు’ అన్నాడు. ‘అవతల ఉన్నది మన మనుషులే కదా తాతా’ అన్నాను. ‘మనుషులు కాదన్నానా? గడ్డి కూడా మనదే అంటున్నా’ అన్నాడు. కొందరు అటు, కొందరు ఇటు. టీ మీద టీ తాగారు కానీ తేల్చలేదు.

మందు వచ్చే రోజు పొద్దున్నే హజీబా పెట్టెతో హద్దు రాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడింది. ‘ఏమన్నారు?’ అంది. ‘ఏమీ అనలేదు’ అన్నాను. ఆమె ఎండ వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణేమో. కంచరగాడిద మూతికి చిక్కం కట్టాను, ఒక్క పరక కూడా కొరకకూడదని. పెట్టెను వీపు మీద కట్టి, ‘నా అడుగులోనే అడుగు వేసి రా చెల్లీ, అటూ ఇటూ తొక్కకు’ అని చెప్పి, బిస్మిల్లా అనుకుని రాళ్ళు దాటాను.

ఇత్తో, ఇది నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. పుట్టినప్పటినుంచీ ఆ గడ్డి అంచునే బతికాను. అగ్దాల్ తెరిచి మనం మందలతో దిగేసరికి పూలు రాలిపోయి, గింజ పడిపోయి, పచ్చగా గడ్డి మాత్రమే ఉంటుంది. అది నిండా పూసి ఉన్నప్పుడు లోపల నిలబడినవాడు మనలో ఒక్కడూ లేడు. మా నాన్నా చూడలేదు, మా తాతా చూడలేదు. పసుపు, నీలం, తెలుపు, పేరు తెలియని రంగులు, గాడిద పొట్ట దాకా లేచి ఉన్నాయి. తేనెటీగల రొదకు నా అడుగుల చప్పుడు నాకే వినబడలేదు. తప్పు చేస్తున్నానని తెలుసు, అయినా నవ్వు ఆగడం లేదు. నాకు అప్పుడు తోచిన మొదటి మాట, అయ్యో నువ్వు పక్కన లేవే అని.

హజీబా మెల్లగా, ‘ఇంత అందాన్ని ఎవరూ చూడకుండా దాచుకున్నారేం అన్నా?’ అని అడిగింది. ‘చూడ్డానికి కాదమ్మా, విత్తనానికి. ముందే తొక్కితే వచ్చే ఏడు ఏముంటుంది?’ అన్నాను. ఆమె పెట్టె మీద చెయ్యి వేసి, ‘నాదీ ఇంతే. మూత తీసి అందరికీ చూపిస్తూ పోతే చివరికి ఏమీ మిగలదు’ అంది.

అవతలివాళ్ళు మమ్మల్ని దూరం నుంచే చూశారు. గడ్డి మధ్య మనుషులు కనబడేసరికి ముందు దొంగలనుకుని రాళ్ళు పట్టుకుని వచ్చారట, నన్ను చూసి రాళ్ళు కింద పడేశారు. హజీబా ఒక బండ మీద గుడ్డ పరిచి పెట్టె తెరిచింది. ఆ తర్వాత చూడాలి తమాషా. తోడేలును కర్రతో కొట్టి తరిమిన మనిషి సూది చూసి మొహం తిప్పుకున్నాడు. అతని పెళ్ళాం, ‘నా ప్రసవాలప్పుడు బయట కూర్చుని టీ తాగావుగా, ఇప్పుడు నేను తాగుతా, నువ్వు ఏడువు’ అంది. జీవితంలో డాక్టరు మొహం చూడని ముసలివాళ్ళు జబ్బ మీది ఉన్ని దుప్పటి తొలగించుకుని ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఎవరూ వాళ్ళను బలవంతపెట్టలేదు. పోయిన ఏడు వాళ్ళంతా ఎవరినో ఒకరిని మట్టిలో పెట్టారు కదా. ఎండిన ఆ జబ్బల మీద చైనా నుంచి వచ్చిన మందు, ఇంకా చల్లగా ఉన్న మందు, ఒక్కో చుక్క దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. దేవుడు మనిషికి ఎంత తెలివి ఇచ్చాడు, ఎంత ఓపిక ఇచ్చాడు అనిపించింది.

అందరూ అయ్యాక మీ అమ్మ గుడారం నుంచి వచ్చింది. పక్కటెముకలు ఎగిరేలా దగ్గుతూనే వచ్చింది. ‘చెయ్యి చాపు అత్తా’ అన్నాను. ‘ఏ దారిన వచ్చావు?’ అంది. నేను గాడిద చిక్కం సర్దాను. ‘అల్లుడూ, నిన్నే. ఏ దారిన వచ్చావు?’ ‘గడ్డి మీదుగా’ అన్నాను. అప్పుడామె నన్ను ఇంకో మాట అడిగింది. ఆ మాట ఇప్పుడే రాయలేను, చెయ్యి రావడం లేదు. ఆమె దుప్పటి భుజం మీదికి లాక్కుని, ‘మూసిన గడ్డి తొక్కి తెచ్చిన మందు నా ఒంటికి పట్టదు. ముందు తప్పు కట్టు, ఆ తర్వాత మాట్లాడదాం’ అని గుడారంలోకి వెళ్ళిపోయింది. హజీబా వెనకే వెళ్ళి బతిమాలింది. లోపలినుంచి ఒక్కటే జవాబు. ‘నీ మీద కోపం లేదు బిడ్డా. మజ్జిగ తాగి పో.’

తిరిగి వచ్చేటప్పుడు శిఖరం దారినే తిప్పి తీసుకొచ్చాను. ఊరు చేరిన మర్నాడు నేనే కూటానికి వెళ్ళి, ‘మూసిన గడ్డిలోకి ఒకడు గాడిదను తోలాడు, తప్పు వేయండి’ అన్నాను. ‘ఎవడు వాడు?’ అని ఇషూ తాత లేవబోయాడు. ‘నేనే’ అన్నాను. తాత మళ్ళీ కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. ‘పట్టుకున్నదీ నువ్వే, పట్టుబడ్డదీ నువ్వే. మధ్యలో మాకేం పనిరా?’ అన్నాడు. కానీ పద్ధతి పద్ధతే కదా. తప్పు చేసినవాడు తన మందలో ఒక జీవాన్ని కోసి, హద్దు రాళ్ళ దగ్గర అగ్దాల్ మనుషులందరికీ భోజనం పెట్టాలి. ఎవరూ రాకుండా ఉండకూడదు. ఒక్కరు తినకపోయినా తప్పు తీరదు. మంచం పట్టినవాళ్ళను సైతం మోసుకు రావాలి, మందలు వదలలేనివాళ్ళు మందలతోనే రావాలి.

ఆ మాట వినగానే హజీబా గంతేసినంత పని చేసింది. ‘అందరూ ఇటు వైపే వస్తారా? ఒక్కరు కూడా మానకుండా? రెండో సూది రోజున పెట్టరాదూ ఆ భోజనం!’ అంది. కూటం ఒప్పుకుంది. ‘ఈ తప్పేదో ముందే చేసి ఉంటే నాకు ఆ కొండ దారి తప్పేది కదా అన్నా’ అని నన్ను వేళాకోళం కూడా చేసింది.

మొన్న జరిగింది ఆ భోజనం. అంతకు ముందురోజే బయలుదేరారు అవతలివాళ్ళు. పొద్దున నేను హద్దు రాళ్ళ దగ్గర పొయ్యిలు వెలిగిస్తూ తలెత్తి చూశాను. శిఖరం పొడవునా మనుషులు ఇత్తో! వరసగా, ఆకాశం అంచున. గాడిదల మీద ముసలమ్మలు, దుప్పట్లో కట్టి మోస్తున్న తాతలు, వెనక మందలు, కుక్కలు, చంకలో పిల్లలు. అగ్దాల్ తెరిచే రోజున అందరూ పరుగు మీద వస్తారు, ఎవరికి వారే. ఇలా ఒకరినొకరు పట్టుకుని నెమ్మదిగా వస్తుంటే చూడటం నాకు ఇదే మొదటిసారి. నీలం పెట్టె పట్టుకుని నా పక్కన నిలబడ్డ హజీబా, ‘మా పెద్ద డాక్టరుకు చెబితే నమ్మడు’ అని ఏడుస్తోంది, నవ్వుతోంది.

ఇక రాయక తప్పదు. తప్పుకు కోసే జీవాన్ని ఎంచేది తప్పు చేసినవాడు కాదు, నొచ్చుకున్నవాళ్ళు. ‘ఎవరికి నొప్పి తగిలింది?’ అని ఇషూ తాత అడిగితే, మీ అమ్మ గాడిద దిగి, కర్ర ఊతంగా మన మందలోకి నడిచింది. అన్నిటినీ చూసింది. కర్ర ఎత్తి ఒకదాన్ని చూపించింది. అది నీ తెల్లచెవి. మన పెళ్ళికి మీ నాన్న ఇచ్చిన గొర్రె కడుపున పుట్టింది. మీ నాన్న చేతి గుర్తు మనింట్లో అదొక్కటే మిగిలిందని నాకు తెలుసు. ‘అత్తా, అది ఇత్తోది. ఇంకేదైనా చూపించు, రెండైనా చూపించు’ అన్నాను. ‘అదే’ అంది.

ఆ రోజు గుడారం ముందు మీ అమ్మ నన్ను అడిగిన మాట ఏమిటో ఇప్పుడు చెబుతాను. ‘పోయిన ఏడు మీ మామను ఏ దారిన మోశారు?’ అని అడిగింది.

ఇత్తో, ఓడలు ఆగిపోయి నువ్వు అక్కడ చిక్కుకుపోయి ఉన్నప్పుడు, మీ నాన్న ఆసుపత్రికి వెళ్తూ దారిలో పోయాడని నీకు చెప్పాం. ఏ దారిలోనో చెప్పలేదు. అప్పుడు కూడా గడ్డి మూసే ఉంది. ఊపిరి అందడం లేదని కబురొస్తే శిఖరం దారిన పరిగెత్తి వెళ్ళాం. ఆయన్ను ఎత్తుకుని నేను గడ్డి వైపు తిరిగాను. అంత ఆయాసంలోనూ మామ హమ్మూ నా చొక్కా పట్టుకుని ఆపాడు. ‘నేను కాపలా కాసిన గడ్డిరా ఇది. నా కోసం తొక్కకండి’ అన్నాడు. మీ అమ్మ ఆయన మాట కాదనలేదు. శిఖరం దారినే మోశాం. సగం దారిలో, ఆ పచ్చటి గడ్డి కింద కనబడుతుండగానే, ఆయన మా భుజాల మీద పోయాడు. నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. మొన్న ఆ ఒట్టు ఆమే తీసేసింది. ‘రాయి అల్లుడూ, దానికి అంతా రాయి’ అంది.

కాబట్టి అంతా రాస్తున్నాను. తెల్లచెవి మెడ మీద చెయ్యి వేసి నిలబడి, అందరూ వినేలా అంది మీ అమ్మ. ‘వీడు గడ్డి తొక్కాడని కోపం కాదు నాకు. పోయిన ఏడు మేం తొక్కలేదే, అది తలుచుకుని కోపం. ఆయన తొక్కవద్దన్నాడు, నేను సరే అన్నాను. గడ్డి మళ్ళీ మొలిచింది, ఆయన మొలవలేదు. ఆ తప్పు మా ఇద్దరిది. మా తప్పు మా గొర్రెతోనే కడతాను, అల్లుడి గొర్రెతో కాదు.’ ఇషూ తాత తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత కూటం అక్కడే నిలబడి మాట ఇచ్చింది. ఇకమీదట ప్రాణం మీదికి వస్తే, మందు కోసమైనా మనిషి కోసమైనా, చిక్కం కట్టిన ఒక్క గాడిదకు దారి ఉంటుంది.

తెల్లచెవి మాంసం వేసి వండిన గోధుమరవ్వ కుస్కుస్ అందరూ తిన్నారు. మీ అమ్మ మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, రెండోది తాను తింది. చేతులు కడుక్కుని హజీబా దగ్గరికి వెళ్ళి బండ మీద కూర్చుంది, జబ్బ మీది దుప్పటి తనే తీసింది. సూది దిగుతుంటే కళ్ళు మూసుకోలేదు, గడ్డి వైపు చూస్తూ ఉంది. ‘ఇంతేనా? దీని కోసమా నా అల్లుడు దొంగయ్యాడు?’ అంది. అందరూ గొల్లుమన్నారు. రాత్రికి కొంచెం జ్వరం వచ్చింది, తెల్లారేసరికి తగ్గింది. ఇప్పుడు మనింట్లోనే ఉంది. ఈ ఉత్తరం రాస్తుంటే మామాస్‌కు జడ వేస్తూ, నా రొట్టెను తిడుతోంది. గొర్రె విషయంలో నీకు కోపం వస్తే నన్ను తిట్టు, ఆమెను మాత్రం ఏమీ అనకు.

ఆమెకు రెండో సూది అగ్దాల్ తెరిచే రోజున. ‘అప్పుడు నా కూతురు నా చెయ్యి పట్టుకుంటుంది, ఆ ఓడవాళ్ళకు రాయి’ అంటోంది. సముద్రాన్ని ఎవరు మూశారో, దానికి కాపలా పెద్ద ఎవరో నాకు తెలియదు. తెలిస్తే ఆ హద్దు దగ్గర కూడా ఒక గొర్రె కోసి పెట్టేవాణ్ణి.

ఒక్క సంగతి మిగిలింది. బడి కప్పు ఎక్కితే గడ్డి అంతా కనబడుతుంది. పూల మధ్య నుంచి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సన్నగా ఒక గీత ఉంది. మేం నడిచిన దారి అది. మీ అమ్మ రోజూ పొద్దున్నే మామాస్ చెయ్యి పట్టుకుని కప్పు ఎక్కి దాన్ని చూస్తుంది. అగ్దాల్ తెరవగానే మందలు దిగుతాయి, గీత కలిసిపోతుంది. అంతలోపు వచ్చెయ్ ఇత్తో. మీ నాన్నను మేం మోయని దారి నీకు చూపించాలి.

ఇట్లు,
నీ రాక కోసం బడి కప్పు మీద నిలబడి ఉన్న,
నీ మామాస్ నాన్న,
మీమూన్